చేతికి లొంగే గిటార్, తక్కువలో పలికే యాంప్

నా మొదటి ఎలక్ట్రిక్ గిటార్ మీద ఎఫ్ మేజర్ కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపు) పలికించడానికి నేను దాదాపు నాలుగు నెలలు తంటాలు పడ్డాను. చూపుడువేలిని మొదటి ఫ్రెట్ (గిటార్ పొడవాటి మెడ, అంటే నెక్ మీద అడ్డంగా బిగించిన లోహపు మెట్టు) దగ్గర ఆరు తీగల మీదా అడ్డంగా ఆనించి, కీళ్లు నొప్పి పుట్టేదాకా నొక్కినా రెండు తీగలే పలికేవి, మిగిలినవి టక్కుమని మూగబోయేవి. వేళ్లలో బలం లేదనుకున్నాను, సాధన చాలడం లేదనుకున్నాను, చివరికి ఈ వాయిద్యం నాకు రాసిపెట్టి లేదేమోనని కూడా అనుకున్నాను. ఒకరోజు పాట శ్రుతి పెంచుకోవడం కోసం మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, అదే ఆకారాన్ని ఒక మెట్టు పైన పట్టుకుంటే ఆరు తీగలూ స్పష్టంగా మోగాయి. వేళ్లు అవే, వాటి బలమూ అదే. కేపో బిగించడంతో నట్‌కు పని లేకుండా పోయింది, అంతే.

నట్ అనేది నెక్ చివర, తలభాగానికి ముందు తీగలు ఆని ఉండే చిన్న పట్టీ. దాన్ని ప్లాస్టిక్‌తోనో ఎముకతోనో చేసి, ఆరు తీగలకూ ఆరు గాడులు కోస్తారు. ఆ గాడులు తగినంత లోతుగా లేకపోతే తీగలు మొదటి ఫ్రెట్‌కు చాలా ఎత్తున నిలిచిపోతాయి. అప్పుడు వాటిని కిందికి నొక్కడానికి బలం ఎక్కువ కావాలి. పైగా అంత దూరం నొక్కడంలో తీగ సాగి, స్వరం ఉండవలసిన చోటు కంటే కొద్దిగా పైకి జరుగుతుంది. విడి తీగలన్నీ శ్రుతి చూపించే ట్యూనర్‌లో సరిగ్గా చూపిస్తున్నా కార్డ్ పట్టుకోగానే అపశ్రుతి వినిపిస్తోందంటే, చాలాసార్లు కారణం ఇదే. తక్కువ ధర గిటార్లలో గాడులను ఎత్తుగానే వదిలేయడం మామూలు, ఎందుకంటే లోతు ఎక్కువైతే తీగ ఫ్రెట్‌కు తగిలి గరగరమంటుంది, ఆ నట్ తీసి వేరేది వేయవలసి వస్తుంది. ఎత్తు ఎక్కువైతే మాత్రం కొత్తగా కొన్నవాడు తప్పు తన వేళ్లదే అనుకుంటాడు.

గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్తే, ఆయన ముందుగా తీగను రెండో ఫ్రెట్‌కూ మూడో ఫ్రెట్‌కూ మధ్య నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద తీగకు కింద ఎంత సందు ఉందో చూపించారు. పలుచని కాగితం దూరేంత సందు ఉంటే చాలన్నారు. నా గిటార్‌లో పెళ్లిపత్రిక అట్ట దూరేంత ఉంది. తీగ లావుకు తగిన సన్నటి ఆకురాళ్లతో ఒక్కొక్క గాడినీ రెండు మూడు సార్లు రుద్దడం, తీగను మళ్లీ కూర్చోబెట్టి చూడడం, మళ్లీ రుద్దడం, అలా గంటసేపు పని చేసి గిటార్‌ను నా ఒడిలో పెట్టారు. ఆ సాయంత్రమే ఎఫ్ కార్డ్ పలికింది. అప్పటినుంచి ఎవరైనా తక్కువ డబ్బుతో మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనాలని అడిగితే, ఏ కంపెనీది అనే మాట కంటే ముందు సెటప్, అంటే ఇలా నట్, నెక్, తీగల ఎత్తు సరిచేయించే పని కోసం కొంత డబ్బు పక్కన పెట్టమనే చెబుతున్నాను. నా లెక్కలో మొత్తం డబ్బులో సగం గిటార్‌కు, మూడో వంతు యాంప్‌కు, మిగిలింది సెటప్, కేబుల్, తీగలు, ట్యూనర్, భుజాన వేసుకునే పట్టీ వంటివాటికి పోవాలి. ఉన్నదంతా గిటార్ మీదే పెట్టి, మిగిలిన చిల్లరతో ఏదో ఒక యాంప్ తెచ్చుకున్నవారికి ఆ గిటార్ అసలు గొంతును వినే అవకాశం లేదు.

ఎలక్ట్రిక్ గిటార్‌లో శబ్దం ఎలా పుడుతుందో కాస్త తెలిస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో దానంతట అదే అర్థమవుతుంది. తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతాలు ఉంటాయి, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. ఉక్కు తీగ కంపించినప్పుడు ఆ అయస్కాంత క్షేత్రం కదిలి, రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. యాంప్ దాన్నే పెంచి స్పీకర్‌కు పంపుతుంది. కాబట్టి తీగ ఎంత శుభ్రంగా కంపిస్తోంది, ఎంతసేపు శ్రుతిలో నిలుస్తోంది అన్నవి మొదటి ప్రశ్నలు. వీటికి జవాబు నెక్, ఫ్రెట్లు, నట్, తీగలు బిగించే మరలు, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర ఉంటుంది. బాడీ ఏ కర్రతో చేశారన్నది, పైన మెరిసే పొర ఏ రంగులో ఉందన్నది చాలా వెనక వచ్చే విషయాలు. పికప్‌లను తర్వాతైనా మార్చుకోవచ్చు. వంకరపోయిన నెక్‌ను మార్చడం మాత్రం కొత్త గిటార్ కొన్నంత పని.

వాయించడం రాకపోయినా గిటార్‌ను పరీక్షించవచ్చు. మా స్నేహితుడి కూతురికి గిటార్ చూడడానికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయికి ఒక్క కార్డ్ కూడా రాదు, అయినా పరీక్షంతా తన చేతే చేయించాను. ముందుగా ఎడమ అరచేతిని నెక్ అంచు వెంట పై నుంచి కిందిదాకా మెల్లగా జరపమన్నాను. మొదట చూసిన గిటార్‌లో మధ్యకు రాగానే చెయ్యి వెనక్కి లాక్కుని, “బాబాయ్, ఇక్కడ గీరుకుంటోంది” అంది. పొడి వాతావరణంలో కర్ర కుంచించుకుపోతే లోహపు ఫ్రెట్ల కొసలు అంచు దాటి బయటికి పొడుచుకువస్తాయి. బాగుచేయించదగ్గ లోపమే గానీ, అదే ధరలో గీరుకోనిది దొరుకుతున్నప్పుడు దీన్ని ఎంచుకోవడం ఎందుకు?

ఆ తర్వాత బ్రిడ్జ్ వైపు నుంచి తుపాకీ గురి చూసినట్టు ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడాలి. నెక్ మెలి తిరిగి ఉంటే ఆ గిటార్‌ను అక్కడే వదిలేయాలి. కొద్దిగా ముందుకు వంగి ఉండడం లోపం కాదు, తీగ కంపించడానికి ఆ చిన్న వంపు అవసరమే. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీతో కలిసే చోటా ఒకేసారి నొక్కి, ఏడెనిమిది ఫ్రెట్ల ప్రాంతంలో చూస్తే సుమారు పావు మిల్లీమీటరు సందు కనబడాలి. నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది, ఆ వంపును దాన్ని తిప్పి సరిచేస్తారు. పన్నెండో ఫ్రెట్ మీద తీగల ఎత్తు లావు తీగ వైపు 2 మిల్లీమీటర్లకూ, సన్న తీగ వైపు 1.5 మిల్లీమీటర్లకూ దగ్గరగా ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. ఒక చిన్న స్కేలు జేబులో వేసుకువెళ్లడంలో తప్పేమీ లేదు.

ఇక అసలు ఓపికతో చేయవలసిన పని ఒకటుంది. ఒక్కొక్క తీగనూ మొదటి ఫ్రెట్ నుంచి చివరి ఫ్రెట్ దాకా వరసగా నొక్కుతూ మీటాలి. ఆరు తీగలు, ఇరవై ఒకటో ఇరవై రెండో ఫ్రెట్లు. పది నిమిషాలు పడుతుంది, పక్కనున్నవారికి విసుగ్గా కూడా ఉంటుంది, అయినా మానకూడదు. ఎక్కడైనా స్వరం చచ్చినట్టు ఆగిపోతే లేదా తర్వాతి ఫ్రెట్‌కు కూడా అదే స్వరం పలికితే, అక్కడ ఒక ఫ్రెట్ లేచి ఉందని అర్థం. తర్వాత ట్యూనర్ పెట్టి, పన్నెండో ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా వేలు తాకించి పుట్టించే హార్మోనిక్‌నూ, అక్కడే నొక్కి పలికించిన స్వరాన్నీ పోల్చి చూడాలి. పన్నెండో ఫ్రెట్ తీగ పొడవుకు దాదాపు సరిగ్గా మధ్యలో ఉంటుంది కనుక రెండూ ఒకే స్వరాన్ని చూపించాలి. తేడా కొద్దిగా ఉంటే బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే సాడిల్ అనే చిన్న దిమ్మను ముందుకో వెనక్కో జరిపి సరిచేయవచ్చు. సాడిల్‌కు జరిగే చోటు మిగిలి ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఆకారాల విషయానికి వస్తే, ఈనాటికీ మార్కెట్‌లో ఉన్న గిటార్లలో చాలా భాగం రెండు పాత నమూనాలకు దగ్గరి బంధువులే. ఒకటి 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్, రెండోది 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్. ఫెండర్ జాతి గిటార్లలో నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ జాతిలో సుమారు 628. ఈ 20 మిల్లీమీటర్ల తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించినా చేతికి బాగా తెలుస్తుంది. పొడవు తక్కువైన దాంట్లో అదే తీగ అదే శ్రుతికి కాస్త వదులుగా ఉంటుంది, ఫ్రెట్ల మధ్య దూరమూ కొద్దిగా తగ్గుతుంది. చిన్న చేతులున్నవారికి ఇది మేలు. కానీ లెస్ పాల్ ఆకారంలో చేసిన గిటార్లు చాలావరకు బరువు, 4 కిలోలు దాటేవీ ఉన్నాయి. కూర్చుని ఒడిలో పెట్టుకున్నప్పుడు తెలియని బరువు, పట్టీ వేసుకుని పావుగంట నిలబడితే భుజం మీద తెలుస్తుంది. అందుకే నిలబడి కూడా చూడండి. పట్టీ మీద వేలాడినప్పుడు తలభాగం నేల వైపు వాలిపోయే గిటార్ అయితే, ఎడమచేయి వాయించడానికి బదులు నెక్‌ను మోయడానికే సరిపోతుంది.

పికప్‌లలో ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్‌ది తేటగా మోగే గొంతు, కానీ ఇంట్లోని కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ గుయ్ శబ్దాన్ని కూడా అది పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ పేటెంట్‌కు దరఖాస్తు చేసిన హంబకర్‌లో రెండు చుట్టలు పక్కపక్కన ఉంటాయి. వాటిని ఒకదానికొకటి ఎదురు దిశలో కలిపి, అయస్కాంత ధ్రువాలను కూడా తారుమారు చేయడం వల్ల బయటి రొద రెండింటిలోనూ ఎదురెదురై చెల్లిపోతుంది, తీగ శబ్దం మాత్రం కలిసి పెరుగుతుంది. ఏ సంగీతం వాయిస్తారో ఇంకా తేలనివారికి, బ్రిడ్జ్ దగ్గర హంబకర్, మిగిలిన రెండు చోట్ల సింగిల్ కాయిల్ ఉన్న గిటార్ మంచి ఎంపిక అని నా అభిప్రాయం. యమహా పసిఫికా 112 ఆ కోవకు చెందినదే, నేను ఎక్కువమందికి చూడమని చెప్పేది కూడా అదే. ఫెండర్ సంస్థ 1982 నుంచి స్క్వయర్ పేరుతో తన నమూనాలనే తక్కువ ధరలో తెస్తోంది. గిబ్సన్ నమూనాలకు అదే పని ఎపిఫోన్ చేస్తోంది. ఐబనెజ్ జియో శ్రేణి నెక్‌లు కాస్త పలుచగా ఉంటాయి, వేగంగా వాయించాలనే ఆశ ఉన్నవారికి నచ్చుతాయి. పేరు ఏదైనా ఒకే మోడల్‌లో రెండు గిటార్లు ఒకేలా ఉండవు. వీలైతే రెండు మూడు తీయించి చూడండి.

ఒక్క విషయంలో మాత్రం నేను మొహమాటం లేకుండా వద్దంటాను. ఫ్లాయిడ్ రోజ్ తరహాలో తీగలను రెండు చివరలా బిగించి, స్ప్రింగుల బలం మీద తేలుతూ ఉండే బ్రిడ్జ్ మొదటి గిటార్‌కు వద్దు. తీగల లాగుడూ స్ప్రింగుల లాగుడూ సరిసమానంగా నిలిస్తేనే అది శ్రుతిలో ఉంటుంది. ఒక తీగ బిగిస్తే మిగిలిన అయిదూ కదులుతాయి, ఒక తీగ తెగితే మొత్తం శ్రుతి తప్పుతుంది. ఖరీదైన లోహంతో చేసినప్పుడు అది అద్భుతమైన పరికరం. చవక లోహంతో చేసినప్పుడు దాని అంచులు త్వరగా అరిగిపోయి, శ్రుతి చేయడంతోనే సాధన సమయం గడిచిపోతుంది. కదలని బ్రిడ్జ్ ఉన్న గిటార్ మీద నేర్చుకోవడం మొదలుపెట్టినవారు దేన్నీ కోల్పోరు.

యాంప్‌ను చాలామంది గిటార్‌కు తోకలా చూస్తారు. నిజానికి వినబడే శబ్దంలో సగానికి పైగా దానిదే. చవక గిటార్‌ను మంచి యాంప్‌లో పెట్టి వింటే ముచ్చటగా ఉంటుంది, గొప్ప గిటార్‌ను చెత్త యాంప్‌లో పెడితే తేనెటీగల తుట్టెను కదిపినట్టు ఉంటుంది. అయితే మంచిదంటే పెద్దదని కాదు. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపయినట్టు తోచాలంటే వాట్లు సుమారు పది రెట్లు కావాలి. అంటే 10 వాట్లకూ 20 వాట్లకూ మధ్య తేడా మనం ఊహించుకునేంత కాదు, ఇంటి గదికి ఆ రెండూ ఎక్కువే. పెద్ద యాంప్‌ను ఇంట్లో వాడితే వాల్యూమ్ బిరడాను సున్నాకూ ఒకటికీ మధ్య వెంట్రుకవాసి తిప్పుతూ కూర్చోవాలి, ఆ స్థాయిలో అది నోరు విప్పదు. కాబట్టి కొనేముందు అడగవలసిన ప్రశ్న ఎన్ని వాట్లని కాదు, మాటలు వినబడేంత తక్కువలో అది ఎలా పలుకుతుందని.

దాన్ని ఇలా పరీక్షించవచ్చు. కరకు లేని శబ్దమిచ్చే క్లీన్ చానెల్ పెట్టి, బేస్, మిడిల్, ట్రెబుల్ మూడింటినీ మధ్యలో ఉంచి, పక్కన ఒకరు మామూలు గొంతుతో మాట్లాడితే వినబడేంత వాల్యూమ్‌లో ఒకే ఒక స్వరాన్ని మీటి, అది పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. మంచి యాంప్‌లో ఆ స్వరం దీపం కొండెక్కినట్టు నెమ్మదిగా సన్నగిల్లుతుంది. నాసిరకం దాంట్లో చివర్లో బుసబుసమని చిట్లిపోతుంది, లేదా ఉన్నట్టుండి తెగిపోతుంది. తర్వాత శబ్దాన్ని కరకుగా మార్చే గెయిన్ పెంచి ఒక కార్డ్ కొట్టి, అందులో స్వరాలు విడివిడిగా వినిపిస్తున్నాయో, ముద్దగా కలిసిపోయాయో గమనించండి. గెయిన్ అలాగే ఉంచి గిటార్ మీది వాల్యూమ్ బిరడాను సగానికి తగ్గించండి. అప్పుడు శబ్దం తేటపడాలి. గిటార్ చెప్పింది వినే యాంప్‌కూ, ఏది పెట్టినా ఒకే రొద చేసే యాంప్‌కూ ఉన్న తేడా ఈ ఒక్క పరీక్షలో తేలిపోతుంది.

గాజు గొట్టాల వంటి వాల్వ్‌లతో నడిచే వాల్వ్ యాంప్‌లంటే నాకు ఎంతో ఇష్టం. అయినా తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవారికి వాటిని చెప్పను. వాటి బరువు, వేడి, ఎప్పటికప్పుడు మార్చవలసిన వాల్వ్‌లు ఒక ఎత్తు, అవి తమ అసలు గొంతు విప్పేది బాగా పెంచినప్పుడే కావడం మరో ఎత్తు. ట్రాన్సిస్టర్‌తో నడిచే చిన్న యాంప్‌లు, లేదా రకరకాల యాంప్‌ల శబ్దాలను లెక్కల ద్వారా అనుకరించే మోడలింగ్ యాంప్‌లు ఇంటికి చాలా మెరుగు. బాస్ కటానా 50లో పవర్‌ను అర వాట్‌కు తగ్గించుకునే వీలుంది కనుక అది గదిలోనూ ఒదుగుతుంది, నలుగురితో కలిసి వాయించడానికీ సరిపోతుంది. డబ్బు ఇంకా తక్కువైతే ఫెండర్ ముస్టాంగ్ ఎల్‌టీ25, ఆరెంజ్ క్రష్ 20 వంటివి చూడవచ్చు. మొదటిదాంట్లో ఎన్నో శబ్దాలు ఉంటాయి, రెండోదాంట్లో కొన్ని బిరడాలు తప్ప మరేమీ ఉండదు. ఎన్నో శబ్దాలు ఉంటే సాధన మాని వాటిని మారుస్తూ కూర్చునే స్వభావం మీదైతే రెండోదే మంచిది. రెండింటిలోనూ స్పీకర్ 8 అంగుళాలది, అంతకంటే బాగా చిన్న స్పీకర్‌లో లావు తీగల నిండుతనం పలచబడుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు మాత్రం తప్పక ఉండాలి, రాత్రిపూట సాధన అంతా దాని మీదే ఆధారపడుతుంది.

యాంప్ ఎందుకు, ఇంట్లో ఉన్న మ్యూజిక్ సిస్టమ్‌కే కలిపేస్తే పోలేదా అని అడిగేవారు ఉన్నారు. గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించివేస్తుంది, గెయిన్ పెంచినప్పుడు వచ్చే డిస్టార్షన్‌లో పుట్టే కరకును మింగేది ఆ గుణమే. పాటలు వినే స్పీకర్లు దాన్ని కూడా నిజాయితీగా వినిపిస్తాయి కనుక చెవిలో ఇసుక పోసినట్టు ఉంటుంది. పైగా పికప్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని తీసుకోవడానికి సుమారు 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి, మామూలు పరికరాల్లో అది చాలా తక్కువ ఉండడంతో గొంతు మసకబారుతుంది. కంప్యూటర్ ఉన్నవారు గిటార్ కోసం ప్రత్యేకమైన ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కొని, యాంప్ శబ్దాన్ని సాఫ్ట్‌వేర్‌లో పొందవచ్చు, అది గౌరవించదగ్గ దారే. కానీ స్విచ్ వేయగానే పలికే పెట్టె ఎదురుగా ఉంటే గిటార్ ఎక్కువసార్లు చేతిలోకి వస్తుందని నా అనుభవం.

మరో చిన్న మాట. చేతులు తీగల మీద నుంచి తీయగానే గుయ్‌మని, తాకగానే ఆ శబ్దం తగ్గిందంటే కంగారు పడకండి. తీగలను బ్రిడ్జ్ ద్వారా గ్రౌండ్‌కు కలుపుతారు కాబట్టి అలా జరగడం సహజం. తాకినప్పుడు రొద పెరిగినా, వేళ్లకు చిన్న షాక్ తగిలినా మాత్రం వెంటనే ఆపి, గిటార్ వైరింగ్‌నూ గోడ సాకెట్ ఎర్త్‌నూ చూపించాలి.

వాడిన గిటార్ తీసుకోవడానికి నేను ఎప్పుడూ అనుకూలమే, ఎందుకంటే ఆ డబ్బుతో ఒక మెట్టు పై వాయిద్యం వస్తుంది. పైన చెప్పిన పరీక్షలన్నీ చేసి, తీగల కింద ఫ్రెట్ల మీద గుంటలు పడ్డాయేమో చూడండి. యాంప్‌లో పెట్టి ప్రతి బిరడానూ పూర్తిగా తిప్పండి. కరకరమంటే అది దుమ్మే, శుభ్రం చేస్తే పోతుంది. పికప్ స్విచ్ ప్రతి స్థానంలోనూ పలకాలి. కేబుల్ పెట్టే జాక్‌ను మెల్లగా కదిపితే శబ్దం తెగకూడదు. అది వదులై గుండ్రంగా తిరుగుతూ ఉంటే లోపలి వైరు ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది, టంకం వేస్తే చాలు, ధర తగ్గించమని అడగడానికి మాత్రం పనికొస్తుంది. వాడిన వాల్వ్ యాంప్ దొరికితే దాన్ని మీ అంతట మీరు విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

శబ్దాన్ని మార్చే కాలి పెడళ్లు ఇప్పుడు వద్దు. 3 మీటర్ల మంచి కేబుల్ ఒకటి, తలభాగానికి తగిలించే ట్యూనర్ ఒకటి చాలు. తీగలు కొనేటప్పుడు అకౌస్టిక్ గిటార్‌కు వాడే కంచు తీగలు తీసుకోకండి. పికప్ అయస్కాంతానికి కంచు దాదాపు కనిపించదు కాబట్టి ఆ తీగలు నీరసంగా పలుకుతాయి. సన్న తీగ 0.009 అంగుళాలు ఉన్న సెట్ కొత్త వేళ్లకు మెత్తగా ఉంటుంది, తీగ పొడవు తక్కువ ఉన్న గిటార్‌కు 0.010 కూడా బాగుంటుంది. ఏదో ఒకటి తేల్చుకుని, ఆ తీగలు వేశాకే గిటార్‌ను సెటప్‌కు ఇవ్వండి. తర్వాత లావు మారిస్తే తీగల బిగువు మారి, దాంతో నెక్ వంపూ మారి, చేయించిన పనే మళ్లీ చేయించవలసి వస్తుంది.